ఆమె రెండోసారి లేచినప్పుడు

25 అక్టోబరు 1998, ఆదివారం

ఈ డైరీ జనవరిలో శామ్యూల్ ఇచ్చాడు. విమాన కంపెనీ కౌంటర్లో పనిచేస్తాడు, గుంటూరు వైపువాడు, రోజుకు మూడు కాఫీలు నా దగ్గరే తాగుతాడు. పది నెలలుగా ఇది ఎక్కడుందో కూడా చూడలేదు. ఈరోజు మధ్యాహ్నం ఎందుకో వెతికి తీశాను. అక్కయమ్మకు కన్నడం తప్ప చదవడం రాదు కాబట్టి తెలుగులో నా ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. ఇరవై ఏళ్ళ కాపురంలో పెళ్ళానికి తెలియకుండా నాకు దక్కింది ఇదొక్కటే.

పెద్ద సంగతేమీ కాదు. పొద్దున ఒకామెకు హైదరాబాదు విమానం తప్పిపోయింది. ఏర్‌పోర్టు అన్నాక రోజూ ఎవరికో ఒకరికి తప్పుతూనే ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఈ బెంగళూరు ఏర్‌పోర్టు హాల్లో ఇడ్లీలు, కాఫీలు అమ్ముతున్నాను, ఎంతమందిని చూడలేదు.

ఆరూ ఇరవైకి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నూలుచీర, గుడ్డసంచి. బోర్డింగ్ కార్డును పెళ్ళిపత్రికలాగా రెండు చేతులతో పట్టుకుని ఉంది. విమానం ఎక్కడం ఇదే మొదలని అక్కడే తెలిసిపోయింది. మంచినీళ్ళు మాత్రం అడిగింది.

"ఏమన్నా తిన్నావామ్మా?" అన్నాను.

"లేదప్పా. నిన్న మధ్యాన్నం నుంచి గొంతు దిగడంలేదు. హైదరాబాదులో మా తమ్ముడికి బాగలేదు. ఆస్పత్రిలో ఉండాడు."

ఇంకేం అడగాలి? నేనెప్పుడూ పేర్లు అడగను. నాకు అందరూ బొంబాయి సారు, ఢిల్లీ అమ్మ, అంతే. వెనక్కి తిరిగి లింగన్నకు "హైదరాబాదుకు ఒక ప్లేట్ ఇడ్లీ!" అని కేకేశాను. లింగన్న మా వంటమనిషి. ఆయన ఆవిరి గిన్నె మూత తీసేలోగా ఆమె కార్డు నా ముందు పెట్టింది.

"దీనిమీద ఏడుంబావు అని ఉండాదే. తినే టైముందా అప్పా?"

"అది వేసేది వేస్తారమ్మా. ఆ విమానం కొచ్చిన్ నుంచి రావల్ల. మూడేండ్లలో ఒక్క దినమన్నా ఎనిమిదికి ముందు లేసిందే లేదు. నేను చెప్తాను కదా, నెమ్మదిగా కూచోని తిను."

పక్కనే బొంబాయి సారు ఉన్నాడు, వారంలో రెండుసార్లు పోయేవాడు. ఆయన నవ్వి, "కూచోండమ్మా, పైలట్ల కంటే మన రామాంజినప్పకే బాగా తెలుసు" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వి కూర్చుంది.

సగం తిన్నాక ఒకసారి లేచింది. ఇంకా టైముందమ్మా అన్నాను. కూర్చుంది. కాఫీ తాగింది. ఏడూ పదికి సెక్యూరిటీ వైపు నిదానంగా నడిచింది. అప్పటికే తలుపు మూసేశారు. ఏం పోయేకాలం వచ్చిందో, మూడేళ్ళుగా లేనిది ఈరోజు కార్డు మీద వేసిన టైముకే లేచింది.

సంచి నా దగ్గరే మరిచిపోయింది కాబట్టి మళ్ళీ వచ్చింది. ఏడుస్తోంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నాదే బుద్ధి తక్కువప్పా. వాడు అట్లుంటే నేను కూచోని తింటాంటి" అంది.

కార్డు మీద టైము ఉంది. ఆమెకు చదవడం వచ్చు. ఇందులో నేను చేసిందేముంది?


26 అక్టోబరు

లింగన్న కూడా అదే అన్నాడు: "మనమేమన్నా విమానం తోలతామా అన్నా?"


28 అక్టోబరు, బుధవారం

శామ్యూల్ కాఫీకి వచ్చి చెప్పాడు. ఆమె పేరు వరూధిని. దొడ్డబళ్ళాపురంలో పట్టు నేసే ఇంటి మనిషి. షావుకారు ఎవరో రానూపోనూ టికెట్ కొనిచ్చారట. ఆదివారం ఇంకో కంపెనీ విమానంలో ఒంటిగంటకు ఎక్కించి పంపాడట శామ్యూల్. ఈరోజు తిరిగి వస్తే తనే పలకరించాడు.

"వాళ్ళ తమ్ముడు తొమ్మిదిన్నరకే పోయాడంట అన్నా. మన ఫ్లైట్ ఎనిమిదుంబావుకి ల్యాండ్ అయింది. పర్ఫెక్ట్ ఆన్ టైమ్."

తొమ్మిదిన్నర. లెక్క వేయకూడదనుకుంటూనే వేశాను. దిగి, ఆటో పట్టుకుని, ఆస్పత్రి చేరడానికి ఎంత నిదానంగా పోయినా తొమ్మిది. అరగంట ఉండేది ఆమెకు.

ట్రాఫిక్ ఉంటే ఆ అరగంట కూడా ఉండేది కాదులే.


2 నవంబరు, సోమవారం

ఆమె వచ్చింది.

పదకొండు గంటలప్పుడు హాలు ఖాళీగా ఉంది. ఎదురుగా వచ్చి నిలబడింది. ఎంత చెప్పినా కూర్చోలేదు. కాఫీ కలపబోతే చేయి అడ్డం పెట్టింది. "వద్దప్పా. ఇంక నాకు కాఫీలూ ఇడ్లీలూ గొంతు దిగవు" అంది.

శామ్యూల్ వాళ్ళ కంపెనీ నుంచి ఒక కాగితం కావాలట. ఆ పొద్దున తను నిజంగానే ఏర్‌పోర్టుకు వచ్చిందని రాసిన కాగితం. ఎందుకని అడిగాను. అడక్కపోయినా బాగుండేది.

తమ్ముడు పద్మనాభం. మగ్గాలు పంచుకున్నప్పుడు మాటామాటా వచ్చి పన్నెండేళ్ళు మాటల్లేవు. చివరికి ఆస్పత్రి నుంచి అతనే కబురు పెట్టాడు, అక్కను చూడాలని. ఆదివారం పొద్దున కళ్ళు తెరిచిన ప్రతిసారీ "అక్క వచ్చిందా" అని అడిగాడట. ఈమె మూడు గంటలకు చేరింది. అప్పటికి శవాన్ని తీసుకుపోవడానికి అన్నీ సిద్ధం చేసి ఉంచారు.

"మా మరదలు నన్ను గడప తొక్కనీలేదప్పా. పంతానికే రాలేదంటుంది. చచ్చేవాడి మీద గూడా పగ సాధించినానంటుంది. విమానం తప్పిందంటే నగతాండారు అందరూ. బుధవారం పదకొండో దినం. కాగితం తీసుకపోయి నలుగురి ముందరా పెడతాను. నమ్మితే నమ్మనీ, లేకుంటే లేదు."

నేను గ్లాసు తుడుస్తూ ఉన్నాను. తుడిచిందే తుడుస్తున్నాను.

"నువ్వు గూడా చూసినావు కదప్పా నన్ను" అంది. "ఎనిమిది వరకూ లేయదని నువ్వే కదా అన్నింది. ఆ మాటే ఒక రెండు ముక్కలు రాసిస్తావా? నీ మీద నేరం మోపేదానికి కాదు. నేను పంతానికి కూచోలేదని తెలిస్తే చాలు."

ఏమన్నానో యథాతథంగా రాస్తాను. "నాదెందుకమ్మా, కాఫీవాడి మాట ఎవరు పట్టించుకుంటారు? కంపెనీ కాగితమంటే దానికొక విలువ ఉంటుంది" అన్నాను.

సరే అంది. శామ్యూల్ టైపు కొట్టించి, సంతకం పెట్టించి ఇచ్చాడు. పోయేటప్పుడు నాకు చూపించి మరీ పోయింది. నేను చదవలేదు. కళ్ళద్దాలు లేవన్నాను.

అద్దాలు జేబులోనే ఉన్నాయి.


4 నవంబరు

ఈరోజు పదకొండో దినం. ఈపాటికి హైదరాబాదులో భోజనాలు అయిపోయి ఉంటాయి. కాగితం ఉంది కాబట్టి ఏమీ ఇబ్బంది ఉండదు.


9 నవంబరు, సోమవారం

చట్నీలో ఉప్పు ఎక్కువైందని లింగన్నను నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాను. పదిహేనేళ్ళుగా ఆయన చేతి చట్నీ తిని నేను బతుకుతున్నాను. ఆయన గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. రుచి చూస్తే ఉప్పు సరిగానే ఉంది.

బొంబాయి సారు వచ్చి, "ఏం రామాంజినప్పా, నా విమానం ఎప్పుడు లేస్తుంది?" అన్నాడు. మామూలుగా నిమిషాలతో సహా చెప్పేవాణ్ణి. వినపడనట్టు పాలు పొంగించుకుంటూ ఉండిపోయాను.


17 నవంబరు, మంగళవారం

రాయాలంటే చెయ్యి రావడంలేదు. అయినా ఈరోజు రాసేస్తాను. మూడు వారాలుగా దాచుకుని తిరుగుతున్నాను, చాలు.

మొదటి రోజు పేజీ తిప్పి చదివాను. ఆమె ఒకసారి లేచిందని రాశాను. ఆమె రెండుసార్లు లేచింది. ఎవరూ చదవని పుస్తకంలో, నా అంతట నేను, నాకే అబద్ధం రాసుకున్నాను. సిగ్గులేని జన్మ.

మొదటిసారి లేచింది ఆరూ ముప్పై అయిదుకి. అప్పుడు నేను కూర్చోమన్నది నిజంగా నమ్మి అన్న మాటే. కొచ్చిన్ విమానం అంత పొద్దున ఎప్పుడూ రాలేదు.

రెండోసారి లేచింది ఏడుకు రెండు నిమిషాలు తక్కువప్పుడు. నా ఎదురుగానే గడియారం ఉంది. ఆఖరి ఇడ్లీ ముక్క చేతిలోనే ఉంది. మైకులో ఇంగ్లీషులో ఏదో పిలిచారు. ఆమె తల ఎత్తి, "హైదరాబాదు అన్నట్టుండాదే అప్పా?" అంటూ లేచింది.

హైదరాబాదే అన్నారు. ఆఖరి పిలుపు అన్నారు. ఆ మైకు ఇంగ్లీషు పంతొమ్మిదేళ్ళుగా నా చెవుల్లో పడుతోంది, నాకు అర్థం కాకపోవడమేమిటి? అదే క్షణంలో శామ్యూల్ ముందురోజు సాయంత్రం చెప్పిన మాట గుర్తొచ్చింది. "అన్నా, చలికాలం షెడ్యూల్ రేపట్నుంచి. మన హైదరాబాద్ ఫ్లైట్ ఇంక కొచ్చిన్ నుంచి రాదు, రాత్రి హాల్ట్ ఇక్కడే. పొద్దున టంచనుగా లేస్తుంది చూడు." విన్నాను. ఊఁ అన్నాను. ఇడ్లీ పిండి గొడవలో మరిచిపోయాను. మరిచిపోవడం వరకు మనిషన్నవాడికి ఎవరికైనా జరుగుతుంది.

గుర్తొచ్చాక చేసినదే నా పాపం.

ఆ క్షణంలో "పరిగెత్తమ్మా, నేను పొరపాటు చెప్పినాను" అంటే చాలు. సెక్యూరిటీ వరకు నలభై అడుగులు. పోలీసాయన నాకు తెలిసినవాడే, ఒక్క కేక వేస్తే ముందు పంపేవాడు. కానీ బొంబాయి సారు ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ నలుగురూ ఉన్నారు. పైలట్ల కంటే రామాంజినప్పకే తెలుసని నవ్వి నలభై నిమిషాలన్నా కాలేదు. వాళ్ళ ముందు నా మాట పోతుందని నోరు రాలేదు. "ఊరికే అరస్తారమ్మా, గంట ముందునుంచీ అరిచేది వాళ్ళకు అలవాటు. కాఫీ కలిపేసినాను, కూచో" అన్నాను.

తెలిసే అన్నాను.

ఎట్లాగూ ఇంకో పావుగంట లేటు అవుతుందిలే, ఎప్పుడూ అయ్యేదే కదా, అని లోపల అనుకున్నాను. ఆమె చెయ్యి కడుక్కోవడానికి పోయినప్పుడు మైకులో పేరు పెట్టి కూడా పిలిచారు. వరూధిని అని. నేను ఎవరి పేరూ అడగనివాణ్ణే కానీ, అది ఎవరి పేరో ఆ నిమిషంలో నాకు తెలిసింది. ఆమె తిరిగొచ్చింది. కాఫీ ఇచ్చాను. బాగుంది అప్పా అంది.


18 నవంబరు

"ఎప్పుడు చూసినా ఏమి రాస్తాండావు?" అని అక్కయమ్మ అడిగింది. సరుకుల పట్టీ అన్నాను. "ఏడస్తా రాసే సరుకులు ఏముండాయి?" అంది.


22 నవంబరు, ఆదివారం

మెజెస్టిక్ బస్టాండు వరకు పోయాను. దొడ్డబళ్ళాపురం బస్సు ఎక్కి కూర్చున్నాను కూడా. కదిలే ముందు దిగేశాను. జనం బాగా ఎక్కువగా ఉన్నారు.

కూర్చోవడానికి సీటు దొరికింది. ఇది కూడా రాసి పెడుతున్నాను.


29 నవంబరు, ఆదివారం

పోయాను.

మధ్యాహ్నం మూడవుతోంది. శామ్యూల్ దగ్గరున్న కాగితంలో చిరునామా ఉంది. వీధంతా మగ్గాల చప్పుడు, ఆదివారమని కూడా లేదు. ఆమె మగ్గం గుంతలో కూర్చుని ఉంది. నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు. కౌంటర్ వెనక తప్ప నన్నెవరు చూశారు? గుర్తుపట్టాక మాత్రం, "అయ్యో, ఏర్‌పోర్టు అప్ప! ఇంతదూరం వచ్చినావే" అంటూ పైకి వచ్చి చాప వేసింది. నా పాపానికి ఇంత మర్యాద.

లోపలికి పోయి కాఫీ తెచ్చింది. ఒకటే గ్లాసు.

"కాగితం పనికొచ్చిందామ్మా?" అన్నాను. ముందు నా సంగతి చెప్పేయకుండా అదెందుకు అడిగానో. ఇంకా తప్పించుకునే దారి వెతుకుతున్నానేమో.

"నువ్వు చదవలేదు కదా ఆ పొద్దు" అంది. "ఇంగ్లీషులో ఉండాదని నేనూ చదివించుకోలేదు. పదకొండో దినం అందరూ కూచోనుంటే మరదలి తమ్ముని చేతిలో పెట్టినాను. వాడు గట్టిగా చదివినాడు. ఈమె టైముకే వచ్చింది, కార్డు తీసుకుంది, మూడుసార్లు పిలిచినారు, పేరు పెట్టి గూడా పిలిచినారు, అయినా రాలేదు అని ఉండాదంట దాంట్లో."

కంపెనీ వాళ్ళు ఉన్నదే రాశారు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"అప్పుడు నిజం చెప్పినానప్పా. తింటా కూచున్యానని. ఇంక చూడు. విస్తర్లు వేస్తాండారు. నేను గూడా వరసలో కూచున్యాను. మరదలు వచ్చి, ఆమెకు వేయద్దండి, ఆమె ముందే తినేసి వచ్చింటుంది అనింది. ఎవురూ ఏమీ అనలేదు. లేసి వచ్చేస్తి."

ఏడవలేదు ఆమె. ఎక్కడో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది. అప్పుడు చెప్పాను. ఎట్లా మొదలుపెట్టానో గుర్తులేదు. శామ్యూల్ మాట, గడియారం, బొంబాయి సారు, ఆఖరి పిలుపు, పేరు పిలవడం, అన్నీ చెప్పాను. ఆమె నా ముఖమే చూస్తూ ఉంది.

"తెలిసే కూచోమంటివా?" అంది.

"తెలిసే అన్యానమ్మా."

"నేను రెండోతూరి లేసినప్పుడా?"

"అప్పుడేనమ్మా."

పక్కింటి మగ్గం ఆడుతూనే ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను. ఆమె లేచి కొంగు సర్దుకుని, "నాతో చెప్తే ఏమొస్తుంది? రా" అని బయటికి నడిచింది.

బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు. ముందు ఇద్దరు ఉంటే వాళ్ళయ్యేదాకా నిలబడ్డాం. నంబరు తనే తిప్పి, రిసీవరు నా చేతికిచ్చి, అద్దం తలుపు మూసి బయట నిలబడింది.

ఆ మరదలు ఫోను ఎత్తింది. నేను ఎవరో చెప్పాను. చేసింది మొత్తం చెప్పాను, ఈసారి ఏమీ దాచకుండా. మధ్యలో లైను తెగిందేమోనని రెండుసార్లు హలో అన్నాను. చివర్లో అంది: "ఇన్ని దినాలు యాడికి పోయినావు? పదకొండో దినం లేనివాడివి, నెల దాటినాంక ఇప్పుడు పుట్టుకొచ్చినావా? ఎవరు నేర్పించినారు నీకీ మాటలు? ఆమె అక్కడే నిలబడుకోని ఉండాదా?"

అద్దంలోంచి వరూధినమ్మ నన్నే చూస్తోంది. అబద్ధం చెప్పలేక "ఉండాదమ్మా" అన్నాను. పెట్టేసింది.

బయటికి వచ్చాను. నమ్మిందమ్మా అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నమ్మలేదమ్మా" అన్నాను.

తల ఊపింది. "నమ్మదు. కాగితం కోసం వచ్చిన దినమే నిన్నడిగితిని. రెండు ముక్కలు రాసిమ్మంటిని. అప్పుడైతే నమ్మింటారు."

తప్పయిందమ్మా అన్నాను. చేతులెత్తి మొక్కాను. నలుగురూ చూస్తున్నారు, చూడనీ. ఆమె నా చేతులు చూసింది, క్షమించానని మాత్రం అనలేదు. ఎందుకనాలి?

అంతలో బెంగళూరు బస్సు మలుపు దగ్గర కదలడం మొదలుపెట్టింది. నేను చూడలేదు. ఆమె చూసింది.

"ఓ అప్పా, నీ బస్సు పోతాండాది! మళ్ళ గంటదాకా లేదు. పరిగెత్తు!" అని నాకంటే ముందు తనే రోడ్డు మీదికి పరిగెత్తి, రెండు చేతులూ చాచి బస్సుకు అడ్డం నిలబడింది. డ్రైవరు కన్నడంలో ఏదో తిట్టి బ్రేకు వేశాడు. నేను ఎక్కి కూర్చునేదాకా ఆమె పక్కకు తప్పుకోలేదు.